‘మనం’ కాస్తా ‘మేం’ అయిన రోజు

మీరు ఏ సహకార సంఘంలోనైనా కొత్తగా డైరెక్టరు అయ్యారనుకోండి. దండలూ శాలువాలూ అయిపోయాక చెయ్యాల్సిన మొదటి పని ఒకటుంది. ఆఫీసులో ఓ మధ్యాహ్నం కూర్చుని మినిట్సు పుస్తకం తెప్పించుకోండి. గడిచిన పన్నెండు నెలల తీర్మానాలు వరసగా చదవండి. పక్కన ఓ తెల్లకాగితం పెట్టుకుని దాన్ని నిలువుగా రెండు గళ్లు చెయ్యండి. ఒక్కో తీర్మానం దగ్గరా ఆగి, ‘ఇది ఏ సభ్యుడు అడిగితే వచ్చింది?’ అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు దొరికితే ఎడమ గడిలో గీత, దొరక్కపోతే కుడి గడిలో గీత.

నేనీ పని చేసింది బాగా ఆలస్యంగా. పాలకొల్లులో ఓ చిన్న పొదుపు పరపతి సంఘంలో ఆరేళ్లు డైరెక్టరుగా ఉన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. నాలుగో ఏడు శ్రావణమాసంలో ఓ రోజు, కోరం కోసం ఇంకో ఇద్దరు రావాలి, బయట జోరువాన. ఏం తోచక ఆ పుస్తకం తెరిచాను. ఆ ఏడాది మేం చేసిన తీర్మానాలు నలభై ఒకటి. ఆఫీసు గదికి ఏసీ. కొత్త బీరువా. మీటింగుకి వచ్చిన డైరెక్టర్లకి ఇచ్చే భత్యం పెంపు. అటెండరుకి పండగ అడ్వాన్సు. ఆఫీసుని మెయిన్ రోడ్డు మీదకి మార్చే ఆలోచన, దానికో ఉపసంఘం. అన్నీ అవసరమైనవే, ఒక్కటీ దొంగ పని కాదు. అయితే సభ్యులు అడిగితే వచ్చినవి లెక్కేస్తే మూడే తేలాయి. అందులో ఒకటి, వచ్చినవాళ్లు తాగడానికి మంచినీళ్లు పెట్టించమన్నది. దాని కింద సెక్రటరీ గారి గుండ్రటి అక్షరాల్లో ‘పరిశీలించాలని తీర్మానించడమైనది’ అని ఉంది. ఏసీ మాత్రం ఏ పరిశీలనా లేకుండానే వచ్చేసింది.

తెలుగులో మనకో సదుపాయం ఉంది. ఇంగ్లీషువాడు ఎదుటివాణ్ని కలుపుకున్నా, వదిలేసినా ‘వుయ్’ అనే అంటాడు. మనకి అలా కుదరదు. ‘మనం’ అంటే నువ్వూ నేనూ. ‘మేం’ అంటే నువ్వు కాక మిగతావాళ్లం. నోరు తెరిస్తే చాలు, ఎదుటివాణ్ని లోపల పెట్టామో బయట పెట్టామో తెలిసిపోతుంది. ఓట్లడగడానికి ఇంటింటికీ తిరిగిన రోజుల్లో నేను ‘మన సంఘం, మన డబ్బు’ అని తిరిగాను. నాలుగో ఏటికి నా నోట్లో మాట ‘మేం వడ్డీ తగ్గించాం, వాళ్లు మాత్రం కట్టట్లేదండీ’. ఈ మార్పు ఏ తారీకున జరిగిందో ఏ మినిట్సులోనూ ఉండదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు.

దీనికి మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు. ఎవరు తరచుగా అడుగుతారో నిర్ణయాలు వాళ్లవైపు ఒరుగుతాయి, అంతే. సహకార శాఖవాళ్లకి నెలనెలా పట్టికలు కావాలి. అప్పిచ్చిన పై బ్యాంకు లెక్కలడుగుతుంది. ఆడిటరు రసీదులడుగుతాడు. గుమాస్తా రోజూ ఎదురుగానే ఉంటాడు, కంప్యూటరు మొరాయిస్తోందంటాడు. సభ్యుడు వచ్చేది అప్పుకోసం, లేదంటే కిస్తీ కట్టడానికి. కౌంటరు దగ్గర నిలబడి పని చూసుకుని వెళ్లిపోతాడు. ఏడాదికోసారి మహాజన సభలో కనబడతాడు, అక్కడ భోజనం చేస్తాడు. బోర్డు చెవిలో రోజూ పడే గొంతుల్లో అతని గొంతు లేదు. కాబట్టి డైరెక్టరు మంచితనాన్ని నమ్ముకుంటే ఈ పని జరగదు. సభ్యుడి గొంతు కూడా తరచుగా పడేలా ఏర్పాటు చెయ్యాలి. ఈ అధ్యాయమంతా ఆ ఏర్పాటు గురించే.

ముందు, సభ్యుడెవరు?

ఇది ప్రశ్నేనా అనిపిస్తుంది. రిజిస్టర్లో ఉన్నవాడే సభ్యుడు కదా! పల్లెల్లో మనం ‘సొసైటీ’ అని పిలుచుకునే ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం సంగతే తీసుకుందాం. పాలకొల్లు నుంచి ఎటు వెళ్లినా, అటు యలమంచిలి వైపు గానీ ఇటు పోడూరు వైపు గానీ, సార్వా దాళ్వా రెండు పంటలకీ చేలో దిగేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. భూమిగల ఆసామి భీమవరంలోనో హైదరాబాదులోనో ఉంటాడు. కొందరైతే అమెరికాలో. పాస్ పుస్తకం ఆయన పేరనే ఉంటుంది. పంట అప్పు పాస్ పుస్తకాన్ని బట్టే వస్తుంది కాబట్టి సొసైటీ రిజిస్టర్లో సభ్యుడూ ఆయనే. విత్తనం, ఎరువు, కూలి, పైగా ముందే ఒప్పుకున్న మక్తా బస్తాలు, ఇవన్నీ మోసేవాడు వేరే. తుపానొచ్చి చేను పడిపోతే వడ్డీ వ్యాపారి దగ్గరకి పరుగెత్తేదీ అతనే.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2011లో కౌలు రైతులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల పత్రం ఇస్తారు. కాకపోతే దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందోనని ఆయన భయం. అదే భూమి మీద ఆయనే ముందుగా అప్పు తీసుకుని ఉంటే, కార్డున్నా బ్యాంకు ‘ఒకే చేను మీద రెండు అప్పులా?’ అంటుంది. అలా తక్కువ వడ్డీకి వచ్చే సొమ్ము చేను మొహం చూడని మనిషికి చేరుతుంది. చేలో ఉన్నవాడు నూటికి రెండు రూపాయల చొప్పున నెలవడ్డీకి బయట తెచ్చుకుంటాడు.

ఇలాంటి చోట ‘సభ్యుడే మాకు ముఖ్యం’ అని గోడ మీద రాసుకుంటే ఒరిగేదేముంది? ఆ ముఖ్యమైన సభ్యుడు ఊళ్లోనే లేడు. మీరు సొసైటీలో ఉంటే మొట్టమొదట ఓ పట్టిక తయారు చెయ్యండి. ఊరి చేలల్లో ఎవరు దున్నుతున్నారో ఒక వరసలో రాయండి, మీ రిజిస్టర్లో ఎవరున్నారో పక్క వరసలో రాయండి. రెండు వరసలూ ఎంత దూరంగా ఉన్నాయో చూడండి. కౌలు రైతుల్ని నలుగురైదుగురు చొప్పున ఉమ్మడి పూచీ బృందాలుగా కూర్చి అప్పులిచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. చేసినచోట పని చేస్తోంది. యజమాని దగ్గరకి వెళ్లి ‘బాబయ్యగారూ, ఈ సంతకం పంటమీద హక్కుకే గానీ భూమి మీద హక్కు ఇవ్వదండి’ అని చెప్పి ఒప్పించగలిగిన మనిషి ఊళ్లో ఎవరైనా ఉంటే సొసైటీ డైరెక్టరే. బ్యాంకు మేనేజరు బదిలీ మీద వచ్చినవాడు, ఆ మాట చెప్పలేడు.

ఈ కనబడని మనిషి సమస్య మనకి కొత్త కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ల మీద జర్మన్ పరిశోధకురాలు మారియా మీస్ 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం తెచ్చారు. ఆ లేసు విదేశాలకి ఎగుమతవుతుంది. అల్లే ఆవిడ మాత్రం లెక్కల్లో గృహిణి, తీరిక వేళల్లో కాలక్షేపానికి అల్లుకునే మనిషి. పనివాడిగా లెక్కలోకి రానివాడికి కూలి పెరగదు. సభ్యుడిగా లెక్కలోకి రానివాడికి అప్పు పుట్టదు. రెండూ ఒకే జాతి తప్పులు.

ఓటు సంగతి

కొంచెం పాత కథ చెప్పుకోవాలి, త్వరగానే ముగిస్తాను. మద్రాసు ప్రభుత్వం రైతుల అప్పుల గోల ఏం చెయ్యాలో చూడమని ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని పెట్టింది. ఆయన ఐరోపా అంతా గాలించి 1895లో ఇచ్చిన నివేదిక సారాన్ని రెండు మాటల్లో చెప్పాడు: రైఫైజన్‌ని వెతకండి అని. రైఫైజన్ జర్మనీలో పల్లెటూరి పరపతి సంఘాలు పెట్టినాయన. ఆయన సూత్రం చాలా మామూలుది. సంఘం చిన్నదిగా ఉండాలి, అందరికీ అందరూ తెలిసుండాలి. ఎవడు తాగుబోతో ఎవడు మాటమీద నిలబడేవాడో ఊరికి తెలుస్తుంది, బ్యాంకుకి తెలీదు. 1904లో మన దేశంలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. గుండుగొలనులో పుట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు పెట్టించారు. అప్పటికి మన నరసాపురం తాలూకా కూడా కృష్ణా జిల్లాలోనే ఉంది, పశ్చిమ గోదావరి జిల్లా 1925లో గానీ ఏర్పడలేదు. పట్టాభి గారే 1923లో ఆంధ్రా బ్యాంకూ పెట్టారు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాలకొల్లులో తరతరాలుగా అందులో ఖాతా ఉన్న కుటుంబాలు ఎన్నో. ఒక్కరినైనా ఎవరైనా అడిగారా? అడగరు. ఖాతాదారుడికి ఓటుండదు. సహకార సంఘంలో సభ్యుడికి ఉంటుంది. ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు. ఖాతాదారుడికీ సభ్యుడికీ తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో ముచ్చట. అమెరికాలో ఇప్పుడు ఊరూరా ఉన్న క్రెడిట్ యూనియన్ల వేళ్లు కొంత మన పల్లెల్లోనే ఉన్నాయి. బోస్టన్‌లో పెద్ద దుకాణం నడిపే ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో మన దేశం వచ్చి, బెంగాల్లో గౌర్లే అనే అధికారి నడిపిస్తున్న పల్లె పరపతి సంఘాల్ని చూసి ముచ్చటపడ్డాడు. రెండేళ్లకే, 1909లో మసాచుసెట్స్‌లో క్రెడిట్ యూనియన్ల చట్టం వచ్చింది. ఆ చట్టం వెనక అతని చెయ్యి ఉంది. అక్కడున్న మన పిల్లలు ఇవాళ అలాంటి యూనియన్‌లో కారు అప్పు తీసుకుని, ఏడాదికోసారి బోర్డు ఎన్నికకి ఫోనులో ఓటేస్తుంటారు.

మరి మన ఇళ్ల దగ్గరి సొసైటీలో? ఆంధ్రలో ప్రాథమిక పరపతి సంఘాలకి 2013లో ఎన్నికలయ్యాయి. ఐదేళ్ల గడువు 2018లో తీరింది. ఆ తర్వాత పొడిగింపులు, ఆ తర్వాత ప్రభుత్వం వేసే త్రిసభ్య కమిటీలు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా కమిటీల్లో పేర్లు మారాయి, పద్ధతి మారలేదు. సంఘాలకి వేళకి ఎన్నికలు జరగాలని 97వ రాజ్యాంగ సవరణ చెప్పింది, 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. కాని దానికి సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోలేదన్న కారణంగా, రాష్ట్రాల పరిధిలోని సంఘాలకి ఈ నియమాలున్న భాగం చెల్లదని 2021 జూలైలో సుప్రీంకోర్టు తేల్చేసింది. వాదన న్యాయమైనదే. నష్టపోయింది మాత్రం సభ్యుడు.

ఇది చదివేవాళ్లలో త్రిసభ్య కమిటీలో ఉన్నవాళ్లూ ఉంటారు. మిమ్మల్ని తప్పుపట్టడం కాదు నా ఉద్దేశం. మిమ్మల్ని నియమించింది పైవాళ్లు కాబట్టి సహజంగానే మీ మెడ పైకి తిరిగి ఉంటుంది. దాన్ని కిందికి తిప్పుకోవడం మీ చేతుల్లోనే ఉంది. నెలకో సాయంత్రం, రావిచెట్టు కిందో పంచాయతీ ఆఫీసు దగ్గరో, ఎజెండా లేకుండా రెండు గంటలు కూర్చోండి. అడిగిన ప్రతి మాటా ఓ నోటుబుక్కులో రాయండి. మరుసటి నెల అదే నోటుబుక్కు తెరిచి ఏది చేశాం, ఏది చెయ్యలేదు, ఎందుకు అన్నది చదివి వినిపించండి. దీనికి ఏ చట్టమూ అడ్డు రాదు, పైసా ఖర్చు లేదు.

సర్కారు చెయ్యి లేకుండా నడిచిన సంఘాలు ఎలా ఉంటాయో చూడాలంటే ములుకనూరు వెళ్లాలి. అప్పటి కరీంనగర్ జిల్లాలో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారు 1956లో పెట్టిన సంఘం అది. అప్పిచ్చేదీ, ఎరువిచ్చేదీ, పంట కొనేదీ, విత్తనం తయారు చేయించేదీ అన్నీ ఆ ఒక్క సంఘమే. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలు 1990 నుంచి సహకార వికాస సంస్థ తోడ్పాటుతో పెరిగాయి. వాటి నియమం ఒక్కటే: మన పొదుపులోంచే మన అప్పు, బయటి డబ్బు వద్దు. దీన్ని ఊరికే ఆదర్శం అనుకోకండి. బయటి డబ్బు తీసుకుంటే బయటివాడి మాట వినాలి. సొంత డబ్బుతో నడిస్తే వినాల్సింది సభ్యుడి మాటే. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, మనం మ్యాక్స్ అనేది, ఇదే ఆలోచనతో ప్రభుత్వ వాటాధనానికి తలుపులేసింది. వేళకి మహాజన సభ, ఎన్నికలు, ఆడిట్ జరపకపోతే ఆ డైరెక్టర్ల పదవికే ఎసరు పెట్టింది. మా సంఘం రిజిస్టరైంది ఆ చట్టం కిందే. అయినా ఏసీ కథ జరిగింది. అంటే చట్టం సభ్యుడికి తలుపు తెరుస్తుందే గానీ అతణ్ని లోపలికి తీసుకురాదు.

ఒక్క శాతం

సభ్యుణ్ని మధ్యలో పెట్టుకోవడమంటే అడిగినదానికల్లా తలూపడం అనుకుంటే సంఘం రెండేళ్లు బతకదు. ఎందుకంటే ‘సభ్యుడు’ అనే ఒక్క మనిషి లేడు. దాచుకునే సభ్యుడున్నాడు, తీసుకునే సభ్యుడున్నాడు. ఒకరికి లాభం ఇంకొకరికి ఖర్చు. చాలాచోట్ల ఒకే ఇంట్లో అత్తగారు దాచుకుంటుంది, అల్లుడు అప్పు తీసుకుంటాడు.

ఓ లెక్క వేద్దాం, అంకెలు ఊహించుకున్నవే. సంఘంలో డిపాజిట్లు కోటి రూపాయలు. వాటిమీద 8 శాతం వడ్డీ ఇస్తే ఏడాదికి 8 లక్షలు. అందులో 90 లక్షలు 12 శాతానికి అప్పులిచ్చారు, వచ్చే వడ్డీ 10 లక్షల 80 వేలు. జీతాలు, అద్దె, కరెంటు అన్నీ కలిపి 2 లక్షలు. మిగిలేది 80 వేలు. ఇప్పుడు డిపాజిటర్లు ఒక్క శాతం ఎక్కువిమ్మన్నారు, ఇచ్చేశారు. మిగులు పోయి 20 వేలు నష్టం. అలా కాదు, అప్పుదార్లు ఒక్క శాతం తగ్గించమన్నారు, తగ్గించారు. 10 వేలు నష్టం. ఇక లక్ష రూపాయల అప్పు ఒక్కటి మొండి బాకీ అయితే, ఏ శాతమూ మార్చకుండానే ఏడాది మిగులంతా తుడిచిపెట్టుకుపోయి కనీసం 20 వేలు ఎదురు పడుతుంది.

ఈ లెక్కని బోర్డు గదిలో పెట్టుకుని ‘సభ్యులకి అర్థం కాదులెండి’ అనుకుంటాం. కొబ్బరి మార్కెట్లో కాయ ధర పైసల్లో మారితే లారీ మీద ఎంత తేడా వస్తుందో నోటితో చెప్పగలిగే మనుషులు వాళ్లు. మా అందరికంటే లెక్క వాళ్లకే బాగా వచ్చు. మనం చెప్పం, అంతే. చెప్పకపోవడానికి అసలు కారణం, చెబితే ఆ 2 లక్షల ఖర్చు మీద ప్రశ్న వస్తుందని.

వడ్డీ రేటు మార్చే ముందు ఈ లెక్కని నల్లబల్ల మీద రాసి, దాచుకునేవాళ్లనీ తీసుకునేవాళ్లనీ ఒకేచోట కూర్చోబెట్టి అడగండి. విడివిడిగా అడిగితే రెండు గుంపులూ మిమ్మల్ని తిడతాయి. కలిపి అడిగితే వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటారు. మాకు తేలింది పావు శాతం దగ్గర. బోర్డుగా మేం కూర్చుని ఉంటే ఆ అంకె మా బుర్రకి తట్టేది కాదు.

దాచుకునేవాడి గొంతు లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడు రోడ్డున పడింది డిపాజిటర్లే. పట్టణ సహకార బ్యాంకుల్లో చాలావరకు వాటా, దాంతో ఓటు, అప్పు తీసుకునేవాడి దగ్గరే ఉంటాయి. పెన్షను డబ్బు తెచ్చి దాచుకునే పెద్దాయనకి ఓటుండదు, ఎక్కువ వడ్డీ చూసి సంబరపడతాడంతే. కాబట్టి మీ సంఘంలో డిపాజిటు వేసే ప్రతివాడినీ ఓటున్న సభ్యుణ్ని చెయ్యండి. డైరెక్టర్లు, వాళ్ల చుట్టాలు తీసుకున్న అప్పుల పట్టికని మహాజన సభలో గట్టిగా చదివించండి. నా పేరూ చదివారు ఓసారి. ఇంటికెళ్లాక మా ఆవిడ అడిగిన ప్రశ్నలు ఆడిటరు కూడా అడగలేదు.

కాదనడం కూడా ఇందులో భాగమే. 2014లో రుణమాఫీ మాటలు వినబడగానే కట్టగలిగినవాళ్లు కూడా కిస్తీలాపేశారు, మా దగ్గర కూడా. మా అప్పులకీ ఆ మాఫీకీ సంబంధం లేదు, అయినా గాలి అలా వీచింది. అప్పుడు వీధి వీధికీ తిరిగి చెప్పిన మాట ఒకటే: ‘మీరు ఆపేసింది సర్కారు డబ్బు కాదండి, పక్కింటి సుబ్బాయమ్మ గారి పొదుపు డబ్బు.’ పేరు మార్చాను గానీ ఆ వీధిలో అలాంటావిడ నిజంగానే ఉంది. ఆవిడ మొహం గుర్తొచ్చి కట్టినవాళ్లు, నోటీసు చూసి కట్టినవాళ్లకంటే ఎక్కువ.

సభ ఏ వేళ పెట్టాలి

నా మటుకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేదీ ఇదే. మా మహాజన సభ ఆనవాయితీగా ఓ కల్యాణమండపంలో, పనిరోజు పొద్దున్న పదిన్నరకి జరిగేది. ఎందుకా వేళ? సహకార శాఖ నుంచి వచ్చే అధికారికి వీలు, మండపం అద్దె తక్కువ. పదకొండింటికి ముందు వరసలో మేమే ఉండేవాళ్లం. పన్నెండు దాటాక హాలు నిండేది, వంటవాడు గుత్తొంకాయ దించే వేళకి సరిగ్గా. లెక్కలు ఇరవై నిమిషాల్లో చదివేసి ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అనేవాళ్లం. ఆ ఏకగ్రీవంలో సగం మంది చేతులు కడుక్కుంటూ ఉండేవారు.

ఐదో ఏడు మార్చాం. మొదట సభనే పేటల వారీగా విడగొట్టాం. కొబ్బరి కూలీలకి పని ముగిశాక సాయంత్రం ఆరున్నర. లేసు అల్లే ఆడవాళ్లకి పొద్దుటి వంటైపోయి, పిల్లలు బడినుంచి రాకముందు, మధ్యాహ్నం రెండింటికి. చేల వాళ్లకి కోతలూ నాట్లూ లేని రోజు. వేసవిలో కాలవలు కట్టేసిన రోజులైతే మంచిది, పెళ్లి ముహూర్తాలు చూసుకోవాలి మరి. ఇలా నాలుగు చిన్న కూటాలయ్యాక చివర్లో చట్టం అడిగే పెద్ద సభ. భోజనాలు తీసేద్దామని నేనంటే ప్రెసిడెంటు గారు ‘ఆయ్, అంత పని చెయ్యకండి, గోదావరి జిల్లాలో ఉన్నామండి’ అన్నారు. ఉంచాం. టీ, పకోడీకి దించాం.

రెండో మార్పు కాగితం. బ్యాలెన్సు షీటు పంచితే మడిచి జేబులో పెట్టుకుంటారు. దాని బదులు ఒకే పేజీలో ‘నూరు రూపాయల లెక్క’ రాశాం. మీరు దాచిన నూరు రూపాయల్లో అప్పుల్లో ఉన్నది ఎంత, బ్యాంకులో ఉన్నది ఎంత, రానిబాకీ ఎంత, జీతాలకి ఎంత, మేం తిన్న టిఫిన్లకి ఎంత. పెద్ద అక్షరాల్లో. ఆ టిఫిన్ల వరస తీసేద్దామని బోర్డులో గొడవైంది. అదొక్కటే అందరూ చదివారు. అది చదివాక పైన ఉన్నవీ చదివారు.

మూడోది, సభలో ప్రశ్న అడిగినవాళ్ల మాటని వాళ్ల మాటల్లోనే రాయడం. ‘ఒక సభ్యుడు కిస్తీల విషయమై ప్రస్తావించగా’ అని రాస్తే అది ఎవరి మాటా కాదు.

ఆ ఏడు లేసు పేటలో మొదటి కూటం. ఓ ఇంటి అరుగు మీద ముప్పై మంది ఆడవాళ్లు, చేతుల్లో కుచ్చుసూదులు ఆడుతూనే ఉన్నాయి. ప్రెసిడెంటు గారు మేం చేసిన మంచి పనులన్నీ చెప్పారు. అయ్యాక, స్తంభానికి ఆనుకున్న ఒకావిడ తలెత్తకుండానే అడిగింది: “ఏవండీ, మాకు ఏజెంటు డబ్బులిచ్చేది ఇరవయ్యో తారీకు దాటాకండి. మీ కిస్తీ అయిదో తారీకండి. ఈ అయిదో తారీకు ఎవర్నడిగి పెట్టారండీ?”

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. సెక్రటరీ గారికీ తెలీదు. వెనక్కొచ్చి పాత ఫైళ్లు తిరగేస్తే తేలింది. పదో తారీకుకల్లా పట్టిక పంపాలని, తనకి అయిదు రోజులు వ్యవధి కావాలని, మొదటి ఏడు పనిచేసిన గుమాస్తా పెట్టుకున్న తేదీ అది. ఆయన రిటైరై చాలా ఏళ్లయింది. ఆ పట్టిక కూడా ఇప్పుడు ఎవరూ అడగట్లేదు. ఆ పేట ఆడవాళ్లు మాత్రం ప్రతి నెలా పదిహేను రోజుల ఆలస్యానికి రుసుము కడుతూనే ఉన్నారు. మా రికార్డుల్లో వాళ్లు ‘సకాలంలో చెల్లించనివారు’.

తర్వాతి కూటంలో కిస్తీ ఇరవై అయిదుకి మార్చామని చెప్పాం. చప్పట్లు వస్తాయనుకున్నాను. ఆవిడే మళ్లీ అడిగింది: “మంచిదేనండి. మరి ఇన్నాళ్లూ మేం కట్టిన రుసుమో?”

సెక్రటరీ గారు అలవాటుగా పెన్ను తీసి ‘పరిశీలించాలని’ వరకు రాశారు. ఆవిడ తొంగి చూసి, “అలా కాదండి, మనం ఎప్పటికి తేలుద్దాం?” అంది. ఆయన ఆ మాట కొట్టేసి తారీకు వేశారు. ఆలస్య రుసుముల లెక్క తియ్యడానికి గుమాస్తాకి పదకొండు రోజులు పట్టింది. తిరిగిచ్చిన మొత్తం మా ఏసీ ఖరీదు కంటే కొంచెం ఎక్కువే తేలింది.